చిన్న ఊరి డిగ్రీ కాలేజీ: చేరేవాళ్లు, చదివేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి ఆగస్టు దాకా ఇవే ప్రశ్నలు. ఫోన్‌లో అడుగుతారు, బస్సులో అడుగుతారు, పెళ్లి భోజనాల దగ్గర కూడా అడుగుతారు. అడిగే పిల్లలు మారుతున్నారు గానీ సందేహాలు మారడం లేదు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. నేను చదివింది కోనసీమలో ఒక మండల కేంద్రంలో ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో. ఇప్పటికీ అడ్మిషన్ల రోజుల్లో పిల్లలకు దరఖాస్తులు నింపిపెడుతుంటాను. డెల్టాలోని చిన్న కాలేజీల గురించే ఇదంతా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## చేరకముందు

ఊరి దగ్గర కాలేజీ చాలదా? కాకినాడో రాజమండ్రో పోతేనే చదువా?

చాలామందికి చాలుతుంది, అందరికీ కాదు. గోదావరి జిల్లాల డిగ్రీ కాలేజీలు ఎక్కువగా ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. 2006లో రాజమహేంద్రవరంలో పెట్టారు దాన్ని. అనుబంధ కాలేజీ ఏదైనా సిలబస్ ఒకటే, సెమిస్టర్ చివర వచ్చే ప్రశ్నపత్రం ఒకటే, డిగ్రీ మీద ముద్రా ఒకటే. కాకినాడ పీఆర్ కాలేజీ, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ లాంటి స్వయంప్రతిపత్తి ఉన్నవి మాత్రం పరీక్షలు సొంతంగా పెట్టుకుంటాయి.

తేడా వేరే చోట ఉంది. పెద్ద కాలేజీలో కోర్సులు ఎక్కువ, లైబ్రరీ పెద్దది, గ్రూప్స్‌కీ బ్యాంకులకీ చదివే సీనియర్లు కళ్లముందే తిరుగుతుంటారు. చిన్న కాలేజీలో ఖర్చు తక్కువ, ఇంటి భోజనం, సందేహం వస్తే లెక్చరర్ వరండాలోనే దొరుకుతారు. మీకు కావాల్సిన మేజర్ దగ్గర్లో ఉంటే ఇక్కడే చేరమంటాను. హాస్టల్‌కు పోసే డబ్బుతో ల్యాప్‌టాప్ వస్తుంది. కావాల్సిన సబ్జెక్టు ఇక్కడ లేకపోతే మాత్రం ‘ఏదో ఒకటిలే’ అని చేరకండి. ఇష్టం లేని సబ్జెక్టు మూడేళ్లు చదవడం కంటే హాస్టల్ తిండి తినడం తేలిక.

కాలేజీకి వెళ్లి అడిగితే సీటు ఇచ్చేస్తారా?

ఇవ్వరు. 2020 నుంచి రాష్ట్రంలో డిగ్రీ సీట్లు ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ద్వారా నిండుతున్నాయి. దీన్నే ఓఏఎండీసీ అంటారు. ముందు రిజిస్ట్రేషన్, తర్వాత సర్టిఫికెట్ల పరిశీలన, ఆ పైన వెబ్ ఆప్షన్లు, చివరికి సీటు కేటాయింపు. ఎంట్రన్స్ లేదు, ఇంటర్ మార్కులు, రిజర్వేషన్లే ఆధారం.

వెబ్ ఆప్షన్లలో ఒకే కాలేజీ, ఒకే కోర్సు పెట్టి ఊరుకోకండి. సీటు రాకపోతే రెండో విడత దాకా కాచుకోవాలి. కేటాయించిన సీటుకు గడువులోగా రిపోర్ట్ చేయకపోతే అది పోతుంది. నెట్ సెంటర్‌లో రిజిస్ట్రేషన్ చేయిస్తే ఫోన్ నంబరు మీదే ఇవ్వండి. సెంటర్ వాళ్ల నంబరు పెడితే ఓటీపీ కోసం వాళ్ల షాపు చుట్టూ తిరగాలి. అన్నట్టు, ప్రభుత్వ కాలేజీల్లో హెల్ప్‌డెస్క్ ఉంటుంది. అక్కడ చేయించుకుంటే ఆప్షన్లు పెట్టేటప్పుడు పక్కన ఎవరో ఒక లెక్చరర్ ఉంటారు.

మేజర్ అంటే ఏంటి, మైనర్ అంటే ఏంటి? పాత ఎంపీసీ, బీజెడ్‌సీ గ్రూపులు లేవా?

పాత పద్ధతిలో మూడు సబ్జెక్టులూ సమానంగా చదివేవారు. 2023-24లో సింగిల్ మేజర్ వచ్చింది. అంటే ఒక సబ్జెక్టు లోతుగా, ఇంకొకటి మైనర్‌గా కొంతవరకు. ఈ నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి మీ బ్యాచ్‌కు వర్తించే పద్ధతి ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. అన్నయ్య చదివినప్పటి లెక్క మీకు పనికిరాదు.

చిన్న కాలేజీలో చూసుకోవాల్సింది ఇంకొకటుంది. జాబితాలో కోర్సు ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ సబ్జెక్టుకు రెగ్యులర్ లెక్చరర్ ఉన్నారా, కిందటేడు ఎంతమంది చేరారు అని అడగండి. మరీ తక్కువ మంది చేరితే ఆ కోర్సు నడపలేక పిల్లల్ని వేరే కోర్సుకో వేరే కాలేజీకో మారమంటారు. ఆగస్టులో ఈ మాట చెవిన పడితే ఎక్కడికి పోతారు? ముందే కనుక్కోండి.

ఆక్వాకల్చర్ తీసుకుంటే చెరువు గట్టు మీద కాపలా ఉద్యోగమేనా?

ఈ ప్రశ్న వేసేది సాధారణంగా నాన్నలు. కాపలాకు డిగ్రీ అక్కర్లేదండి. భీమవరం చుట్టుపక్కల, కాకినాడ తీరంలో, కోనసీమ సముద్రం వైపు మండలాల్లో రొయ్యల సాగు ఎంతుందో మీకు తెలిసిందే. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక ఆ సాగుతోపాటు హేచరీలు, మేత కంపెనీలు, నీటి పరీక్షల ల్యాబ్‌లు, ప్రాసెసింగ్ ప్లాంట్లు పెరిగాయి. రొయ్య పిల్లకు వైట్‌స్పాట్ రోగం ఉందో లేదో పీసీఆర్ పరీక్షలో చూడటం, నీటిలో అమ్మోనియా, ఉప్పుశాతం కొలవడం, ఎగుమతి సరుకు నాణ్యత చూడటం, ఇవన్నీ చదువుకున్నవాళ్లు చేసే పనులు.

ఒక్క విషయం మాత్రం ముందే తెలుసుకోండి. బీఎస్సీ ఆక్వాకల్చర్, బీఎఫ్‌ఎస్సీ ఒకటి కావు. బీఎఫ్‌ఎస్సీ అనేది ఈఏపీసెట్ రాసి చేరే నాలుగేళ్ల ఫిషరీస్ కోర్సు. బీఎస్సీ వాళ్లు ఎమ్మెస్సీ జువాలజీ, ఆక్వాకల్చర్ వైపు వెళ్తారు. ఇంకో సంగతి, జీతాలు రొయ్య ధరతో పాటే ఊగుతాయి. ధర పడిన ఏడాది కంపెనీలు కొత్తవాళ్లను తీసుకోవు. ఇది చెప్పకుండా కోర్సును పొగిడేవాళ్ల మాట సగమే నమ్మండి.

చేరేటప్పుడు ఒరిజినల్స్ అన్నీ కాలేజీకి ఇచ్చేయాలా?

టీసీ ఇవ్వాలి. పదో తరగతి, ఇంటర్ మెమోలు చూపించి వెనక్కి తీసుకోండి. ఒరిజినల్స్ కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, ఫొటోలు కలిపి మూడు సెట్లు జిరాక్స్ తీయించి, అన్నీ ఫోన్‌లో స్కాన్ చేసుకుని పెట్టుకోండి. ఆధార్‌లో పేరు, పది మెమోలో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి. ఇంటిపేరు ఒకదాంట్లో పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తిగా ఉంటే స్కాలర్‌షిప్ దగ్గర తప్పకుండా ఆగుతుంది.

ఫీజు ఎంత? రీయింబర్స్‌మెంట్ వస్తుందా?

ప్రభుత్వ కాలేజీలో ఫీజు తక్కువ. అర్హత ఉన్నవాళ్లకు రీయింబర్స్‌మెంట్ జ్ఞానభూమి పోర్టల్ ద్వారా నడుస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలి, హాజరు 75 శాతం ఉండాలి. డబ్బు ఆలస్యంగా పడటం ఈ వ్యవస్థకు మామూలే. ‘వస్తుంది కదా’ అని చేతిలో రూపాయి లేకుండా చేరకండి. పరీక్ష ఫీజులు, రికార్డులు, బస్సు ఖర్చు మీ జేబులోంచే పోతాయి. కాలేజీ ఏ పేరుతో డబ్బు కట్టించుకున్నా రశీదు అడగండి. మొహమాటపడాల్సిన పని లేదు.

అమ్మ కువైట్‌లో ఉంది. నాన్న లేరు. సంతకాలు, బయోమెట్రిక్ ఎవరు పెట్టాలి?

మన దగ్గర చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి, సిగ్గుపడే విషయం కాదు. దరఖాస్తు మీద సంరక్షకులుగా అమ్మమ్మ, తాతయ్య, మావయ్య సంతకం పెట్టొచ్చు. కాలేజీ వాళ్లు ఒక లేఖ రాయించుకుంటారు. కష్టమంతా స్కాలర్‌షిప్ దగ్గర. విద్యాదీవెన అనే పేరుతో రీయింబర్స్‌మెంట్ ఇచ్చిన రోజుల్లో డబ్బు తల్లి ఖాతాలో పడేది. ఆ పద్ధతి తర్వాత మారింది. ప్రస్తుతం ఏ ఖాతాకు వస్తుంది, ఎవరి వేలిముద్ర కావాలి అన్నది మీ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ను అడిగి రాసుకోండి. అమ్మ సెలవుకు వచ్చిన నెలలోనే బ్యాంకు ఖాతా ఆధార్ లింకు, కేవైసీ, ఆదాయ ధ్రువీకరణ ముగించేయండి. మళ్లీ రెండేళ్ల దాకా రాదు కదా.

## మొదటి సెమిస్టర్

ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఇక్కడ అంతా ఇంగ్లీషంట, నావల్ల అవుతుందా?

అవుతుంది, కానీ మొదటి సెమిస్టర్ కష్టంగానే గడుస్తుంది. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే. క్లాసులో జరిగేది మాత్రం వేరు. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, బోర్డు మీద ఇంగ్లీషులో రాస్తారు, చెప్పడం తెలుగులో. ‘చూడమ్మా, డిమాండ్ పెరిగితే ధర ఏవవుద్ది?’ అని అడిగితే క్లాసంతా అరిచి చెబుతుంది. అదే ప్రశ్న పరీక్షలో ఇంగ్లీషులో వస్తే కలం కదలదు. అర్థం కాక కాదు, రాయడం అలవాటు లేక.

నేను చూసినవాళ్లలో గట్టెక్కినవాళ్లంతా దాదాపు ఒకే పని చేశారు. పాఠం ముందు తెలుగు అకాడమీ పుస్తకంలో చదివి విషయం పట్టుకున్నారు. పాత పుస్తకమైనా లైబ్రరీ బీరువాలో అడుగున దొరుకుతుంది, సిలబస్ మారిన చోట్ల మాత్రం చూసుకోవాలి. తర్వాత అదే పాఠానికి ఇంగ్లీషులో పది చిన్న వాక్యాలు సొంతంగా రాశారు. గైడు బట్టీ పట్టినవాళ్లు మొదటి సెమిస్టర్ పాసయ్యారు, మూడో సెమిస్టర్‌లో ఇరుక్కున్నారు. రాసిన పేజీ లెక్చరర్‌కు చూపించండి. వంద మంది ఉన్న క్లాసులో ఆ పేజీ ఎవరూ చూడరు, ఇక్కడ చూస్తారు.

మా క్లాసులో పన్నెండు మందే ఉన్నాం. ఇది కాలేజీలా లేదు, ట్యూషన్‌లా ఉంది. బోరు కొడుతోంది.

మొదట్లో అలాగే ఉంటుంది. సినిమాల్లో చూసిన కాలేజీ వేరు మరి. వెనక బెంచీ ఉంటుంది గానీ దాక్కోవడానికి పనికిరాదు. రెండు రోజులు రాకపోతే మూడో రోజు హాజరు పట్టీ మూసేలోపే మీ నాన్నకు ఫోన్ వెళ్తుంది. ‘ఏవండీ, మీవాడు రావట్లేదు, ఒంట్లో బాగోలేదా?’ ‘ఆయ్, బానే ఉన్నాడండి మాస్టారూ, రోజూ కాలేజీకనే బయల్దేరుతున్నాడే!’ తర్వాత ఇంట్లో ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఇదే చనువు మీ పనికీ వస్తుంది. మీకు ఏ పాఠం రాదో లెక్చరర్‌కు తెలుసు. పీజీ దరఖాస్తుకు సిఫార్సు లేఖ కావాలంటే మీ గురించి నిజంగా నాలుగు మాటలు రాయగలరు. వక్తృత్వ పోటీకో క్విజ్‌కో కాలేజీ నుంచి ఇద్దర్ని పంపాలంటే ఆ ఇద్దరిలో మీరుండే అవకాశం ఎక్కువ. అయితే చిన్న కాలేజీ తనంతట తాను ఏదీ వడ్డించదు, అడిగినవాళ్లకే దొరుకుతుంది. లైబ్రరీ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కునేవాళ్లు మొదటి నెలలోనే తేలిపోతారు. బోరు సంగతంటారా, స్నేహితులు మిగతా గ్రూపుల్లో ఉంటారు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పే చెట్టు కింద అందరూ కలుస్తారు.

ర్యాగింగ్ ఉంటుందా?

చిన్న కాలేజీల్లో సీనియర్లు సగం మంది మీ ఊరివాళ్లో మీ స్కూలువాళ్లో అయి ఉంటారు కాబట్టి తక్కువ. ఉంటే మాత్రం నవ్వి ఊరుకోకండి. 1997 నుంచే రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522, రోజంతా పనిచేస్తుంది.

ఒక సబ్జెక్టుకు లెక్చరర్ లేరు. గెస్ట్ ఫ్యాకల్టీ వస్తారంటున్నారు, ఎప్పుడో తెలీదు. మేమేం చేయాలి?

బదిలీలు, ఖాళీలు చిన్న కాలేజీలను ముందుగా దెబ్బతీస్తాయి. ఇది పిల్లల తప్పు కాదు, చాలాసార్లు ప్రిన్సిపల్ చేతిలోనూ ఉండదు. క్లాసంతా సంతకాలు పెట్టి, తేదీ వేసి, ఏ సబ్జెక్టులో ఎన్ని యూనిట్లు మొదలు కాలేదో రాసి అర్జీ ఇవ్వండి. నోటిమాట గాలికి పోతుంది, కాగితమైతే పై అధికారికి పంపాల్సి వస్తుంది. ఈలోపు కేంద్రం నడిపే ‘స్వయం’ అనే ఆన్‌లైన్ పాఠాల పోర్టల్‌లో ఆ సబ్జెక్టు పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. పక్క ఊరి కాలేజీలో అదే సబ్జెక్టు చెప్పే సార్‌ను శనివారం రమ్మని అడిగితే వచ్చినవాళ్లున్నారు. గెస్ట్ ఫ్యాకల్టీని తక్కువగా చూడకండి. కొత్తగా పీజీ చేసి వచ్చినవాళ్లు కావడంతో వాళ్లకు సిలబస్ మన కళ్లతో కనిపిస్తుంది. జీతం ఆలస్యమైనా వచ్చి పాఠం చెబుతున్నారని గుర్తుంచుకుంటే చాలు.

టాయిలెట్లు ఎలా ఉంటాయి?

అమ్మాయిలు అడగడానికి మొహమాటపడే ప్రశ్న, అసలు ముందు అడగాల్సింది ఇదే. చేరకముందు ఒకసారి కాలేజీకి వెళ్లి చూడండి. గది ఉందా అని కాదు, కుళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయా అని చూడండి. రాకపోతే మహిళా లెక్చరర్‌కు చెప్పండి. నలుగురు కలిసి చెబితే పని జరుగుతుంది.

## దారి, వరద, పనులు

రోజూ పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి గోదావరి దాటి రావాలి. వరదొస్తే కాలేజీ ఎలా?

డెల్టాలో చదువుకు ఇది మామూలు సమస్యే. సఖినేటిపల్లి నుంచి నరసాపురం, ముక్తేశ్వరం నుంచి కోటిపల్లి రేవులు దాటి చదువుకునేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. జూలై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర నీరు పెరిగితే పంటు ఆపేస్తారు. బ్యారేజీ నుంచి వదిలే నీరు 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. లంకల్లో ఉన్నవాళ్లకు అసలు చిక్కు అంతకుముందే మొదలవుతుంది. కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వే మునిగితే పడవే దిక్కు.

భద్రాచలం దగ్గర నీటిమట్టం ఎంతుందో పొద్దున్నే వార్తల్లో చూస్తే ఒకటి రెండు రోజుల ముందే అంచనా దొరుకుతుంది. సఖినేటిపల్లి వైపువాళ్లకు చించినాడ వంతెన, ముక్తేశ్వరం వైపువాళ్లకు యానాం-ఎదుర్లంక వంతెన చుట్టుదారి. దూరమే, కానీ పరీక్ష రోజున అదే నమ్మకం. సెమిస్టర్ పరీక్షలు వరద రోజుల్లో పడితే వారం పాటు కాలేజీ ఊళ్లో చుట్టాలింట్లోనో స్నేహితుల ఇంట్లోనో ఉండిపోండి. హాజరు సంగతికొస్తే, ఏయే రోజులు దారి మూసుకుపోయిందో అదే వారం రాసి ఇవ్వండి. సెమిస్టర్ చివర్లో చెబితే ఎవరు నమ్ముతారు? ఒక మాట గట్టిగా చెబుతాను. హాజరు కోసం వరదలో నాటు పడవ ఎక్కకండి. లైఫ్‌జాకెట్ లేకపోతే అసలే వద్దు.

బస్సు పాస్ సంగతేంటి?

అబ్బాయిలకు ఆర్టీసీ విద్యార్థి పాస్ ఉంది, కాలేజీ ధ్రువీకరణతో డిపోలో ఇస్తారు. అమ్మాయిలకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ప్రయాణం ఉచితం, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గరుంటే చాలు. ఆ ఊరికి బస్సు సమయానికి వస్తుందా అన్నది వేరే ప్రశ్న. చివరి పీరియడ్‌కూ చివరి బస్సుకూ కుదరకపోతే ఆ మార్గం పిల్లలంతా కలిసి డిపో మేనేజర్‌కు అర్జీ ఇవ్వండి.

ఊడ్పులకీ మాసూళ్లకీ (పంట కోతలు, నూర్పిళ్లకీ) ఇంట్లో పని ఉంటుంది. నేను రాత్రిళ్లు క్యాటరింగ్‌కి కూడా వెళ్తాను. హాజరు 75 శాతం ఎలా?

లెక్క వేసుకుంటే కుదురుతుంది. 75 శాతం అంటే నాలుగు రోజుల్లో ఒక రోజు మానొచ్చు. ఆ ఒక్క రోజును జ్వరానికీ వరదకీ చుట్టాల పెళ్లికీ ఖర్చుపెట్టేస్తే మాసూళ్లకు ఏమీ మిగలదు. కొరత కొద్దిగా ఉంటే వైద్య ధ్రువీకరణ, రుసుముతో మినహాయింపు ఇస్తారు. బాగా తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు.

పని చేస్తూ చదివేవాళ్లు చిన్న కాలేజీల్లో చాలామంది. కొబ్బరి దింపుకు వెళ్లేవాళ్లు, రొయ్యల పట్టుబడికి తెల్లవారుజామున వెళ్లి తొమ్మిదిన్నరకు క్లాసులో కూర్చునేవాళ్లు, పెళ్లిళ్ల సీజన్‌లో వడ్డనకు వెళ్లేవాళ్లు. లెక్చరర్‌కు ఆ సంగతి మీరే చెప్పండి. క్లాసులో కునుకు తీసినప్పుడు తిట్టే ముందు ఆలోచిస్తారు. ల్యాబ్ ఉన్న రోజు ముందు రాత్రి మాత్రం పని ఒప్పుకోకండి. థియరీ క్లాసు పోతే నోట్సు దొరుకుతుంది, ప్రయోగం పోతే దొరకదు.

సంక్రాంతికి ఎన్ని రోజులు సెలవు?

కాగితం మీద ఎన్ని ఉన్నా, భోగికి ముందే క్లాసులు పల్చబడతాయి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసిన మర్నాడు కాలేజీకి వచ్చేవాణ్ని నేనింతవరకు చూడలేదు.

ఎన్‌సీసీలో చేరాలా, ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరాలా?

పోలీసు, సైన్యం వైపు ఆలోచన ఉంటే ఎన్‌సీసీ. రెండేళ్లకు బి, మూడో ఏడాదికి సి సర్టిఫికెట్ పరీక్ష రాయొచ్చు. సి సర్టిఫికెట్ ఉన్న డిగ్రీ పట్టభద్రులకు సైన్యంలో అధికారులుగా ప్రత్యేక ప్రవేశ మార్గం ఉంది. చిన్న కాలేజీలన్నింటికీ యూనిట్ ఉండదు, ముందే కనుక్కోండి. ఎన్‌ఎస్‌ఎస్ దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల శిబిరం. ఆ శిబిరంలో ఊరి స్కూల్లో పడుకుని పప్పుచారు వండుకున్న వారం, మిగతా మూడేళ్ల కంటే ఎక్కువ స్నేహాలు ఇస్తుంది.

రెండో ఏడాదిలో ఉన్నాను, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. పెళ్లయితే చదువు ఆగిపోతుందా?

ఆగాల్సిన పని లేదు. పెళ్లి తర్వాత అత్తవారి ఊరి దగ్గర కాలేజీకి బదిలీ అడగొచ్చు, ఒకే యూనివర్సిటీ పరిధిలో అయితే తేలిక. మధ్యలో ఆగితే రీఅడ్మిషన్‌కు వీలుంటుంది. పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (ఏబీసీ) అనే ఆన్‌లైన్ ఖాతాలో నిలిచి ఉంటాయి, అందుకే ఆ ఏబీసీ ఐడీ మొదటి ఏడాదే తీసుకోవాలి. మీ మాట ఇంట్లో చెల్లకపోతే మేడం చేత నాన్నతో మాట్లాడించండి. కూతురు అడిగితే ‘చూద్దాంలే’ అనే నాన్నలు, మేడం ఇంటికొచ్చి అడిగితే ‘డిగ్రీ అయ్యాకే లెండి’ అనడం నేను చాలాసార్లు చూశాను. పెళ్లివారితో మాటల్లోనే చదువు సంగతి తేల్చుకోండి. తర్వాత తేల్చుకోవడం కష్టం.

## పరీక్షలు

ఒక సబ్జెక్టు పోయింది. ఏడాది పోయినట్టేనా?

కాదు. బ్యాక్‌లాగ్ ఉంచుకునే తర్వాతి సెమిస్టర్‌కు వెళ్తారు, ఆ పేపరు మళ్లీ రాస్తారు. మార్కులు మరీ తేడాగా అనిపిస్తే రీవాల్యుయేషన్ పెట్టుకోవచ్చు, దానికి గడువు తక్కువ. బ్యాక్‌లాగ్‌లు పేరుకుంటేనే ప్రమాదం. ఆరో సెమిస్టర్‌లో మొదటి సెమిస్టర్ పేపరు రాయడానికి కూర్చుంటే సిలబస్ కూడా గుర్తుండదు.

పరీక్ష ఫీజు గడువు దాటిపోయింది.

ఆలస్య రుసుముతో ఇంకో గడువు ఉంటుంది. ఈరోజే ఆఫీసుకు వెళ్లండి.

## సర్వే, ఇంటర్న్‌షిప్

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ అంటే ఏం చేయాలి? నెట్‌లో దొరికేది కాపీ కొట్టేస్తే సరిపోదా?

కొట్టేవాళ్లున్నారు, మార్కులు వచ్చినవాళ్లూ ఉన్నారు. కానీ డిగ్రీ మొత్తంలో చిన్న ఊరి పిల్లలకు పెద్ద కాలేజీవాళ్ల కంటే పైచేయి ఉండేది ఈ ఒక్కదాంట్లోనే. ఎందుకు వదులుకోవాలి? మొదటి ఏడాది అయ్యాక ఊళ్లో ఇంటింటికీ తిరిగి సర్వే చేయాలి, ఒక సమస్య ఎంచుకుని అవగాహన కార్యక్రమం పెట్టాలి, లాగ్‌బుక్ రాసి నివేదిక ఇవ్వాలి.

మన ఊళ్లలో విషయాలకు కరువా? 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. అప్పుడు సార్వా (ఖరీఫ్ వరి) మానేసిన ఇళ్లకు వెళ్లి ఇప్పుడా పొలంలో ఏముందో అడగండి. రొయ్యల చెరువుల పక్కన చేతిపంపు నీరు ఎప్పట్నుంచి ఉప్పగా మారిందో అడగండి. కొబ్బరికి తెల్లదోమ వచ్చాక దిగుబడి ఎలా ఉందో, నరసాపురం వైపైతే లేసు అల్లే ఆడవాళ్లకు 2024లో వచ్చిన భౌగోళిక గుర్తింపు తర్వాత కూలి పెరిగిందో లేదో అడగండి. నిలబడి అడిగితే ‘అంతా బానే ఉందండి’ అంటారు. గట్టు మీద కూర్చుని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని అడిగితే అప్పుడు చెబుతారు. ఇంటికొచ్చి రాసుకోండి. రేపు ఇంటర్వ్యూలో ‘మీరేం ప్రాజెక్టు చేశారు?’ అంటే పది నిమిషాలు తడబడకుండా మాట్లాడగలరు.

ఈ ఊళ్లో ఇంటర్న్‌షిప్ ఎవరిస్తారు?

ఐటీ కంపెనీలు లేవని దిగులు పడకండి. కామర్స్ వాళ్లకు ఆడిటర్ ఆఫీసు, సహకార సంఘం, రైస్ మిల్లు లెక్కలు. సైన్స్ వాళ్లకు ఆక్వా ల్యాబ్, హేచరీ, మందుల దుకాణం కాకుండా రోగ నిర్ధారణ ల్యాబ్. కంప్యూటర్స్ వాళ్లు స్థానికంగా ఒక షాపుకో స్కూలుకో పనికొచ్చే చిన్న వెబ్‌సైటో బిల్లింగ్ ప్రోగ్రామో నిజంగా చేసిపెట్టండి. డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ ఇస్తామనే ఆన్‌లైన్ సంస్థలు వాట్సాప్‌లో బోలెడు. వాటి కాగితం వైవాలో రెండో ప్రశ్నకే తేలిపోతుంది.

## డిగ్రీ అయ్యాక

నాలుగో ఏడాది ఆనర్స్ చేయాలా, మూడేళ్లకే బయటికి రావాలా?

బ్యాంకు, రైల్వే, గ్రూప్స్ రాయాలనుకుంటే మూడేళ్ల డిగ్రీ చాలు. పరిశోధన, అధ్యాపక వృత్తి, విదేశీ చదువు ఆలోచన ఉంటే నాలుగో ఏడాది పనికొస్తుంది. చిన్న కాలేజీల్లో చాలాచోట్ల నాలుగో ఏడాది నడపరు, వేరే కాలేజీకి వెళ్లాల్సి ఉంటుంది. ఖర్చు లెక్కలో అది వేసుకోండి.

ఈ కాలేజీ పేరు చెబితే ఉద్యోగం ఇస్తారా?

పేరు చూసి ఇవ్వరు, పేరు చూసి కాదనడమూ తక్కువే. పోటీ పరీక్షల్లో కాలేజీ పేరుకు మార్కులు లేవు. ప్రైవేటు కంపెనీలు మన దాకా రావు, నిజం. జిల్లా స్థాయిలో నైపుణ్యాభివృద్ధి సంస్థ జాబ్‌మేళాలకు మనమే వెళ్లాలి. ఇంటర్వ్యూలో మనవాళ్లు పోగొట్టుకునేది సబ్జెక్టు దగ్గర కాదు, నోరు విప్పడం దగ్గర. పన్నెండు మంది క్లాసులో వారానికోసారి సెమినార్ చెప్పే అవకాశం అడగండి. మాటకు భయం అక్కడే పోవాలి. హైదరాబాద్ వెళ్లి కోచింగ్ పేరుతో ఏడాది గదిలో కూర్చోవడం కంటే, మూడో ఏడాదిలో ఇంటి దగ్గర ఉండి రోజూ అంకగణితం, రీజనింగ్ చేసినవాళ్లు ముందు ఉద్యోగంలో చేరడం చూశాను.

పీజీకి, బీఈడీకి ఏ పరీక్ష రాయాలి?

రాష్ట్ర యూనివర్సిటీల్లో ఎంఏ, ఎంకామ్, ఎమ్మెస్సీకి పీజీసెట్. ఎంబీఏ, ఎంసీఏకు ఐసెట్. బీఈడీకి ఎడ్‌సెట్, మూడేళ్ల లా కోర్సుకు లాసెట్. కేంద్రీయ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ. దీని దరఖాస్తులు మిగతావాటికంటే ముందే మొదలై ముగిసిపోతాయి, మనవాళ్లు ఎక్కువగా దీన్నే మిస్సవుతున్నారు.

కాలేజీ వదిలేటప్పుడు ఏవేం తీసుకోవాలి?

టీసీ, స్టడీ సర్టిఫికెట్, అన్ని సెమిస్టర్ల మెమోలు, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్. వేరే యూనివర్సిటీకి వెళ్తుంటే మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా. ఒరిజినల్ డిగ్రీకి యూనివర్సిటీకి విడిగా దరఖాస్తు పెట్టాలి, తర్వాత చూద్దాంలే అని వదిలేసి పెళ్లయ్యాక వెతుక్కునేవాళ్లు బోలెడుమంది. లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చి నో డ్యూస్ సంతకాలు ముందే పెట్టించుకోండి. టీసీ ఇచ్చేశాక ఒరిజినల్ చేతికి రాదు కాబట్టి, కొత్త కాలేజీలో ఇచ్చేముందు దాని జిరాక్సులు పది తీయించుకోండి. ఆఫీసుకు పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నం తర్వాత ప్రిన్సిపల్ గారు మీటింగ్‌కు వెళ్లిపోతే సంతకం మర్నాటికి పడుతుంది.